బందరు బండికి వేళ కావాలి



చల్లపల్లి సెంటర్లో నిలబడి ఎవరైనా రైలెక్కాలనుకుంటే వాళ్లకు మూడు దారులున్నాయి. తూర్పుగా మచిలీపట్నం వెళ్లొచ్చు. మోపిదేవి మీదుగా వెళ్లి, కృష్ణ మీద పులిగడ్డ వారధి దాటి రేపల్లె చేరొచ్చు. ఉత్తరంగా పామర్రు మీదుగా గుడివాడ పోవచ్చు. మూడు దిక్కులా రైలుంది, ఊళ్లో మాత్రం లేదు. ఏ స్టేషనుకు పోవాలన్నా ముందు బస్సెక్కాలి. బస్సు దిగేసరికి బండి ఉంటుందా, ఎంతసేపు కాచుకోవాలి అన్నది తర్వాతి ప్రశ్న. దానికి నమ్మకమైన జవాబు దొరక్కే ఈ ప్రాంతం జనం చాలామంది రైలు సంగతి పక్కన పెట్టి నేరుగా విజయవాడ బస్సెక్కుతారు.

రోజూ పొద్దున్నే పనికి, చదువుకు, ఆసుపత్రికి, బజారుకు వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాల్సిన మనిషికి కృష్ణా డెల్టాలో రైలు ఎంతవరకు అక్కరకొస్తోంది, ఇంకెంత అక్కరకు రాగలదు అన్నదే ఇవాళ్టి ప్రసంగ విషయం.

ముందుగా ఈ రైలు దారులు ఇలా ఎందుకు పడ్డాయో తెలుసుకోవాలి. బెజవాడ, అంటే ఇప్పటి విజయవాడ దగ్గర కృష్ణానది ఇరుకు. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. రెండు కొండల నడుమ గట్టి పునాది దొరికే చోటు అది. అందుకే 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట అక్కడే వచ్చింది. దాని తర్వాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కూడా అక్కడే కట్టారు. మద్రాసును కలకత్తాతో కలిపే లైను కోసం 1893లో పూర్తయిన రైలు వంతెన కూడా ఆ పక్కనే. అంటే పెద్ద లైను నదిని డెల్టా తల దగ్గరే దాటేసింది. అక్కణ్ణుంచి కిందికి పోయేకొద్దీ కృష్ణ వెడల్పవుతుంది. పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుని హంసలదీవి వైపు సముద్రంలో కలుస్తుంది. ఆ నీటిమీద రైలు వంతెన కట్టే పని ఆ రోజుల్లో ఎవరూ తలకెత్తుకోలేదు.

దాని దెబ్బ ముందుగా బందరుకు, అంటే మచిలీపట్నానికి తగిలింది. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు వరసగా వచ్చి వ్యాపారం చేసిన రేవు అది. ఈస్టిండియా కంపెనీ 1611లోనే అక్కడ కొఠీ పెట్టింది. 1864 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన ఆ ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో దాదాపు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే పెద్ద లైను బెజవాడ మీదుగా సాగిపోయింది. సరుకు, జనం, వ్యాపారం అటే మళ్లాయి. బెజవాడ జంక్షను పెరిగింది, బందరు ఓ మూలకు ఒదిగిపోయింది. అప్పటిదాకా బెజవాడ, బందరు నడుమ బందరు కాలువే రహదారి. పడవల్లో ధాన్యం వెళ్లేది, మనుషులూ వెళ్లేవాళ్లు. చివరికి 1908లో గుడివాడ మీదుగా బందరుకు రైలు వచ్చింది. అది మీటర్ గేజ్ దారి. 1928లో గుడివాడ నుంచి భీమవరం వైపు ఇంకో లైను పడింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇవన్నీ బ్రాడ్ గేజ్‌గా మారాయి. నదికి అవతల, తెనాలి నుంచి రేపల్లెకు 1916లో లైను వేశారు.

ఇప్పుడు కోస్తా రైల్వే పటం చూస్తే దువ్వెనలా కనిపిస్తుంది. తెనాలి, విజయవాడ, ఏలూరు, రాజమహేంద్రవరం, సామర్లకోట మీదుగా పోయే పెద్ద లైను దాని వెన్ను. సముద్రం వైపు సాగిన రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం, కాకినాడ, కోటిపల్లి లైన్లు దాని పళ్లు. గుడివాడ, భీమవరం లైను కలిపే మచిలీపట్నం, నరసాపురంలాంటివి తప్ప, ఒక పన్ను చివర నుంచి ఇంకో పన్ను చివరకు పోవాలంటే వెనక్కి వెన్ను దాకా వచ్చి మళ్లీ దిగాలి. రేపల్లె, మచిలీపట్నం అనే రెండు పళ్ల మధ్య ఖాళీలో ఉన్న ఊళ్లే చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు.

లైను లేని ఊళ్ల సంగతి కాసేపు ఆపి, లైను ఉన్న ఊళ్ల సంగతి చూడాలి. అక్కడ ఈ పదిపదిహేనేళ్లలో పెద్ద మార్పే వచ్చింది. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం, నిడదవోలు దాకా, గుడివాడ నుంచి మచిలీపట్నం దాకా, భీమవరం నుంచి నరసాపురం దాకా మొత్తం 221 కిలోమీటర్ల దారిని రెండు లైన్లుగా చేసి విద్యుదీకరించే పని 2011-12లో మంజూరైంది. ముక్కలు ముక్కలుగా సాగి 2022 నాటికి పూర్తయింది. డెల్టా నేలలో కట్ట పోయడం తేలిక పని కాదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. అడుగడుగునా కాలువ, డ్రెయిను, పంటబోదె. ప్రతి దాని మీదా వంతెనో తూమో కట్టాలి. ఆ కష్టమంతా పడి రెండో లైను వేశారు.

దాని విలువ పాత ప్రయాణికులకే బాగా తెలుసు. ఒకే లైను ఉన్న రోజుల్లో ‘క్రాసింగ్ పడింది’ అనే మాట ఈ దారిలో రోజూ వినిపించేది. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే పాసింజర్‌ను ఏ ఉప్పులూరులోనో ఇందుపల్లిలోనో లూప్ లైనులోకి తప్పించి నిలబెట్టేవాళ్లు. ఎదుటి బండి ఆలస్యమైతే ఇదీ ఆలస్యం. ఇది ఆలస్యమైతే వెనక రావాల్సిన ఇంకొకటి ఆలస్యం. ఒక చోట పది నిమిషాల జాప్యం సాయంత్రానికి గంటయ్యేది. రెండు లైన్లు పడ్డాక పోయే బండి దారి పోయే బండిదే, వచ్చే బండి దారి వచ్చే బండిదే. ఎదురు బండి కోసం ఆగాల్సిన అవసరం తీరిపోయింది.

కరెంటు లైను రావడంతో మెమూ రైళ్లకు వీలు కలిగింది. మెమూ అంటే ఇంజిను వేరుగా ఉండని రైలు. రెండు చివర్లా డ్రైవరు గది ఉంటుంది, మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి. స్టేషను స్టేషనుకూ ఆగి బయల్దేరే బండికి ఇది బాగా సరిపోతుంది, ఎందుకంటే త్వరగా వేగం అందుకుంటుంది. మచిలీపట్నంలాంటి చివరి స్టేషనులో ఇంకో లాభం ఉంది. ఇంజినును విడదీసి, పక్క లైను మీదుగా రెండో చివరకు తెచ్చి తగిలించే పని ఉండదు. డ్రైవరు ఇటు గది నుంచి అటు గదికి నడిచి వెళితే చాలు, బండి వెనక్కి బయల్దేరుతుంది. మన దేశంలో మెమూలు 1990ల మధ్య నుంచి నడుస్తున్నాయి. రాజమహేంద్రవరంలో వాటి మరమ్మతుల షెడ్డు కూడా ఉంది.

అంటే కట్ట ఉంది, రెండు లైన్లున్నాయి, కరెంటుంది, తగిన బండి ఉంది. మరి కొరత ఎక్కడ?

కొరత వేళలో ఉంది.

విజయవాడ నుంచి బందరు దారిలో ఉన్న స్టేషన్లను ఒకసారి వరసగా తలుచుకుంటే ఈ లైను ఎవరి కోసమో తెలుస్తుంది. మధురానగర్, రామవరప్పాడు, నిడమానూరు. ఇవి ఇప్పుడు పేరుకే పక్క ఊళ్లు, నగరం వాటిని ఎప్పుడో కలుపుకుంది. తర్వాత ఉప్పులూరు, తరిగొప్పుల, ఇందుపల్లి, నూజెళ్ల. ఇవి వరిచేల నడుమ ఊళ్లు. ఆపైన గుడివాడ జంక్షను, పెద్ద బజారు. గుడివాడ దాటితే గుడ్లవల్లేరు, అక్కడ 1998లో పెట్టిన ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. కవుతరం, వడ్లమన్నాడు దాటితే పెడన, మగ్గాల ఊరు, కలంకారీ అద్దకాల ఊరు. తర్వాత చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్ నగల పనివాళ్ల ఊరు. చివర మచిలీపట్నం, జిల్లా కేంద్రం. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం అక్కడే ఉంది.

మొత్తం సుమారు 80 కిలోమీటర్లు. ఇందులో రెండు చివర్లా ఉద్యోగాలున్నాయి, నడుమ కాలేజీలున్నాయి, బజార్లున్నాయి. పొద్దున ఒక వైపే కిక్కిరిసి సాయంత్రం రెండో వైపే కిక్కిరిసే నగర రైళ్లలా కాకుండా, ఇక్కడ రెండు వైపులా జనం ఉంటారు. విజయవాడలో కాపురం ఉండి బందరు కలెక్టరేటుకో కోర్టుకో వెళ్లేవాళ్లు అటు వెళుతుంటే, పెడన నుంచి, గుడివాడ నుంచి వన్‌టౌన్ బట్టల కొట్లకు, ఆటోనగర్ షెడ్లకు, నగరం ఆసుపత్రులకు వచ్చేవాళ్లు ఇటు వస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమై, మచిలీపట్నం కృష్ణా జిల్లా కేంద్రంగానే మిగిలాక కూడా ఈ రాకపోకలు ఆగలేదు. ఏ రైల్వేకైనా ఇలాంటి లైను వరం, ఎందుకంటే రెండు వైపులా పెట్టెలు నిండుతాయి.

ఇలాంటి ప్రయాణికుడికి కావాల్సింది మహావేగం కాదు. పొద్దున బండి 7 గంటల 10 నిమిషాలకంటే రేపూ అదే, ఎల్లుండీ అదే కావాలి. అది తప్పితే ఇంకో గంటలోపు ఇంకొకటి దొరకాలి. సాయంత్రం కొట్టు కట్టేశాక, డ్యూటీ దిగాక ఇంటికి బండి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా సీజన్ టికెట్ తీసుకోవడానికి చేతులు రావు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దూరం దాకా దొరుకుతుంది. నెలంతా రోజూ టికెట్ కొనుక్కునే ఖర్చుతో పోలిస్తే చాలా చవక. అయినా నెల రోజుల డబ్బు ముందే కట్టాలంటే నెల రోజులూ బండి వస్తుందన్న ధీమా కావాలి.

ఆ ధీమా 2020లో ఒక్కసారిగా పోయింది. కరోనా వల్ల మార్చి నెలాఖరులో దేశమంతటా పాసింజర్ బళ్లు ఆగాయి. తిరిగి మొదలైనప్పుడు వాటికి స్పెషల్ అనే పేరు పెట్టి ఎక్స్‌ప్రెస్ చార్జీ వసూలు చేశారు. పది రూపాయల కనీస టికెట్ ముప్ఫై అయింది. రెండు స్టేషన్ల దూరం పోయే కూరగాయల మనిషికి, కాలేజీ పిల్లకు అది మూడు రెట్ల భారం. 2024 ఫిబ్రవరి చివర్లో పాత చార్జీ మళ్లీ వచ్చింది. కానీ ఆ నాలుగేళ్లలో ఎందరో అప్పు చేసి మోటారు సైకిల్ కొనుక్కున్నారు, షేరింగ్ ఆటోలకు అలవాటు పడ్డారు. పోయిన ప్రయాణికుడు చార్జీ తగ్గించినంత మాత్రాన తిరిగి రాడు. బండి నమ్మకంగా నడుస్తోందని కొన్ని నెలలు చూశాకే వస్తాడు.

గంటకో బండి నడపడం సాధ్యమేనా? చిన్న లెక్క వేసి చూడొచ్చు. విజయవాడ నుంచి మచిలీపట్నానికి అన్ని స్టేషన్లలో ఆగుతూ సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచినా రెండు గంటలు పడుతుంది. చివర్లో అరగంట విశ్రాంతి అనుకుంటే పోవడానికి రెండున్నర, రావడానికి రెండున్నర. ఐదు గంటల్లో ఒక రైలు మళ్లీ మొదటి చోటుకు వస్తుంది. అంటే ఐదు రైళ్లుంటే రెండు వైపులా గంటకో బండి నడుస్తుంది. ఒక్క గుడివాడ దాకానే గంటకో బండి చాలనుకుంటే దూరం 43 కిలోమీటర్లు, నాలుగు రైళ్లు సరిపోతాయి. మరమ్మతుకు వెళ్లినవాటి బదులు ఒకటి అదనంగా పెట్టుకున్నా దేశంలో ఏటా తయారవుతున్న మెమూల ముందు ఇది పెద్ద సంఖ్య కాదు.

అసలు చిక్కు విజయవాడ స్టేషనులో ఉంది. చెన్నై, విశాఖ, కాజీపేట, గుంటూరు, గుడివాడ, ఇన్ని వైపుల నుంచి వచ్చే దారులు అక్కడే కలుస్తాయి. పది ప్లాట్‌ఫారాలున్నా ఎక్స్‌ప్రెస్‌లకే చాలవు. అలాంటి చోట ముందుగా బయట ఆగేది పాసింజరే. నగరంలోకి వచ్చీ అవుటర్‌లో నిలబడిపోయిన బండిలో కూర్చున్నవాళ్లకు ఆ కొన్ని నిమిషాలే ఉద్యోగంలో ఆలస్యం గీతగా పడతాయి. దీనికి ఒక మార్గం ఉంది. మధురానగర్, రామవరప్పాడు స్టేషన్లను అసలైన నగర స్టేషన్లుగా తీర్చిదిద్దడం. మంచి ప్లాట్‌ఫారం, నీడ, మరుగుదొడ్డి, బయట సిటీ బస్సు. బెంజిసర్కిల్ వైపు, ఏలూరు రోడ్డు వైపు పనులకు వెళ్లేవాళ్లలో చాలామందికి విజయవాడ జంక్షను దాకా పోవాల్సిన అవసరమే లేదు. వాళ్లు ముందే దిగిపోతే జంక్షనులో రద్దీ కూడా తగ్గుతుంది.

మెయిన్ లైను రైళ్లతో పట్టాలు పంచుకుంటూ నగర రైళ్లు నడపడం ఎంత కష్టమో హైదరాబాద్ ఎంఎంటీఎస్ చూపించింది. 2003 ఆగస్టులో మొదలైన ఆ సర్వీసు లక్షలమందికి చవకగా పని చేసింది. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కలిసి డబ్బు పెట్టి నడిపించిన పథకం అది. రెండో దశలో మూడింట రెండు వంతుల ఖర్చు రాష్ట్రం మీద పడింది. అదే పట్టాల మీద దూరప్రాంత రైళ్లు కూడా పోతుండటంతో వేళలు తప్పడం, బళ్లు రద్దవడం మామూలైపోయి ప్రయాణికులు విసిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అందులో డెల్టాకు పనికొచ్చే పాఠం రెండు భాగాలుగా ఉంది. రాష్ట్రం చెయ్యి కలపకుండా నగర రైలు సాగదు. పాసింజర్ దారికి, వేళకు ముందే హామీ లేకపోతే సాగినా నిలవదు.

బొంబాయిలో 1925లో, మద్రాసులో 1931లో కరెంటు రైళ్లు మొదలైనప్పుడు ఆ నగరాల శివార్లు ఇప్పట్లా కిక్కిరిసి లేవు. మద్రాసు బీచ్ నుంచి తాంబరం దాకా బండి తరచుగా తిరగడం మొదలయ్యాక ఆ దారి పొడవునా ఊళ్లు పెరిగాయి. జనం పెరిగాక బళ్లు వేద్దామని కూర్చుంటే అప్పటికి వాళ్లంతా రోడ్డు పాలైపోయి ఉంటారు.

ఇంకా దూరం చూస్తే స్విట్జర్లాండ్ ఉదాహరణ డెల్టాకు బాగా దగ్గరగా ఉంటుంది. అక్కడా పెద్ద నగరాలు తక్కువ, మధ్యస్థాయి ఊళ్లు ఎక్కువ. 1982లో ఆ దేశం తన రైళ్లన్నింటికీ ఒక పద్ధతి పెట్టింది. ఏ స్టేషనులోనైనా బండి ప్రతి గంటా అదే నిమిషానికి వస్తుంది. 7:10కి వస్తే 8:10కి, 9:10కి కూడా వస్తుంది. కలిసే స్టేషన్లలో రైళ్లూ బస్సులూ దాదాపు ఒకే సమయానికి చేరి, జనం మారాక ఒకే సమయానికి బయల్దేరతాయి. ప్రయాణికుడు టైం టేబుల్ చూడక్కర్లేదు, ఆ నిమిషం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. జర్మనీలోని కార్ల్స్‌రూయె నగరం 1992లో ఇంకో అడుగు ముందుకేసి, ఊళ్లో తిరిగే ట్రాములే రైలు పట్టాలెక్కి పక్క ఊళ్లకు పోయేలా చేసింది. రైలు దిగి బస్సెక్కే పని తప్పడంతో ఆ దారిలో ప్రయాణికులు కొన్ని రెట్లు పెరిగారు.

రైలు దిగిన మనిషి ఇంటికి ఎలా చేరతాడన్నది రైలు ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని ఈ రెండు చోట్ల అనుభవమూ చెబుతోంది. చల్లపల్లిలాంటి ఊళ్ల గురించి మాట్లాడాల్సింది ఇక్కడే. మచిలీపట్నంలో బండి ఆగిన పదిహేను నిమిషాలకు స్టేషను బయటి నుంచి చల్లపల్లి, అవనిగడ్డ వైపు బస్సు ఉంటే, గుడివాడలో బండి ఆగేసరికి పామర్రు, కూచిపూడి, మొవ్వ, ఘంటసాల వైపు బస్సు ఉంటే, రేపల్లెలో తెనాలి బండి వేళకు పులిగడ్డ వారధి మీదుగా మోపిదేవి బస్సు ఉంటే, పట్టాలు లేని ఊళ్లకు కూడా సగం రైలు వచ్చినట్టే. 2006లో ప్రారంభమైన ఆ వారధి వచ్చేదాకా ఇటు జనం అటు పోవాలంటే పడవే దిక్కు. నది మీద రోడ్డు పడింది, ఇప్పుడు ఆ రోడ్డును రైలు వేళతో కలపాలి.

రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. చేతిలో డబ్బు లేక ఊరు కదలని ఆడవాళ్లు ఇప్పుడు కదులుతున్నారు. బస్సుల్లో రద్దీ పెరిగింది. విజయవాడ దాకా పోయే పొడుగు దారి మొత్తం బస్సే మోయాలంటే ఎన్ని బస్సులైనా చాలవు. పల్లె నుంచి స్టేషను దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు అనే పద్ధతికి ఇంతకంటే మంచి అదను ఉండదు. పొడుగు దారి రైలు మోస్తే, అవే బస్సులు పల్లెలకు ఎక్కువసార్లు తిరగగలవు.

ఇక పట్టాలు లేని ఖాళీ సంగతి. మచిలీపట్నం, రేపల్లెలను చల్లపల్లి, అవనిగడ్డ ప్రాంతం మీదుగా కలిపే లైను కావాలని దివిసీమ ప్రజలు దశాబ్దాలుగా అడుగుతున్నారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పది వేలమందికి పైగా ప్రాణాలు పోయిన సీమ ఇది. అక్కడివాళ్లకు దారి అన్నది సౌకర్యంతో ఆగే మాట కాదు. ఎత్తైన కట్ట మీద రైలు, పక్కనే గట్టి రోడ్డు ఉంటే ప్రమాదం ముంచుకొస్తున్నప్పుడు జనాన్ని తరలించడానికీ, తర్వాత సరుకు చేర్చడానికీ రెండు దారులుంటాయి. ఆ లైను పడితే బందరు చివరి స్టేషనుగా మిగలదు. బందరు నుంచి చెన్నై వైపు పోయే బండి విజయవాడ రద్దీలో చిక్కుకోకుండా రేపల్లె, తెనాలి మీదుగా పోగలదు.

అయితే ఇలాంటి లైనుకు ఎంత కాలం పడుతుందో గోదావరి డెల్టా చెబుతుంది. కాకినాడ, కోటిపల్లి మధ్య 1928లో వేసిన లైనును రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. అది తిరిగి పట్టాలెక్కింది 2004లో. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీద వంతెనలు కట్టాలి, పంటభూములు సేకరించాలి. రైతుకు సరైన ధర దక్కాలి, కాలువల నీటి దారికి అడ్డు రాకూడదు. అది ఓపికతో చేసే పని. అమరావతి కోసం ఎర్రుపాలెం నుంచి నంబూరు దాకా 57 కిలోమీటర్ల లైనుకు 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2,245 కోట్ల ఖర్చు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన. రాజధానికి ఆ లైను కావాల్సిందే. దాని వెనక వరసలో దివిసీమ లైను కూడా ఉండాలని అడగడం న్యాయమే.

ఈలోగా ఇంకో మార్పు దగ్గరపడుతోంది. మచిలీపట్నం దగ్గర మంగినపూడి తీరాన 2023లో రేవు పనులు మొదలయ్యాయి. రేవు నడిస్తే సరుకు రైళ్లు వస్తాయి, రావాలి కూడా. బందరు మళ్లీ రేవు పట్నంగా నిలబడాలన్నది తరాల కోరిక. కానీ గుడివాడ, బందరు మధ్య పట్టాలు ఇప్పుడున్నవే. గూడ్సు బళ్లు పెరిగాక పాసింజర్‌కు చోటు అడిగితే దొరికేది మిగులు వేళలే. ఇవాళే గంట గంటకూ పాసింజర్ వేళలు ఖాయం చేసుకుంటే, సరుకు రైళ్లను వాటి మధ్య సర్దుకోవచ్చు. ఒకసారి టైం టేబుల్లో పాతుకున్న బండిని కదపడం కష్టమని రైల్వేతో పరిచయం ఉన్న ఎవరికైనా తెలుసు.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. పొద్దున 9 లోపు విజయవాడకూ, 9:30 లోపు మచిలీపట్నానికీ చేరే బళ్లు తప్పకుండా ఉండాలి. రాత్రి 8:30 తర్వాత విజయవాడ నుంచి బందరు వైపు కనీసం ఒక బండి ఉండాలి, ఎందుకంటే కొట్లలో పనిచేసే ఆడపిల్లలు అప్పటికి గానీ పని దిగరు. నడిమధ్యాహ్నం కూడా గంటకు ఒకటి ఉండాలి, ఆసుపత్రి ఓపీ చూపించుకుని తిరిగొచ్చే ముసలివాళ్ల కోసం. చిన్న స్టేషన్లలో దీపాలు, తాగునీరు, పెట్టెలోకి తేలిగ్గా ఎక్కేంత ఎత్తున్న ప్లాట్‌ఫారం ఉండాలి. మచిలీపట్నం, గుడివాడ, రేపల్లె స్టేషన్లలో రైలు వేళకు ఆర్టీసీ బస్సు, ఆ బస్సు వేళల బోర్డు స్టేషన్లోనే ఉండాలి. ఇందులో దేనికీ భూసేకరణ అక్కర్లేదు, వంతెనలు అక్కర్లేదు.

అడిగే చోటూ ఉంది. విజయవాడ రైల్వే డివిజనుకు ప్రయాణికుల సంప్రదింపుల కమిటీ ఒకటుంది. అందులో వ్యాపార సంఘాలు, ప్రయాణికుల సంఘాలు, ప్రజాప్రతినిధుల తరఫువాళ్లు కూర్చుంటారు. టైం టేబుల్ సవరణకు ముందు సలహాలు వినడం ఆ కమిటీ పనుల్లో ఒకటి. గుడ్లవల్లేరు, బందరు కాలేజీలు తమ తరగతుల వేళలు రాసిస్తే, పెడన చేనేత సంఘాలు బజారు రోజులు రాసిస్తే, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ పంచాయతీలు ఏ స్టేషనుకు ఏ వేళకు బస్సు కావాలో తీర్మానం చేసి ఆర్టీసీ డిపోకూ, రైల్వే డివిజనుకూ ఒకే కాగితం పంపితే, అధికారుల చేతిలో లెక్కతో కూడిన కోరిక ఉంటుంది. ‘మా ఊరికి రైలు కావాలి’ అనే అర్జీలు వాళ్లకు ఏటా వస్తాయి. ‘సోమవారం నుంచి శనివారం దాకా గుడ్లవల్లేరులో పొద్దున 8:30కి ఇంతమంది పిల్లలు దిగాలి, సాయంత్రం 4:45కి ఎక్కాలి, వాళ్లలో ఇంతమంది చల్లపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు’ అని ఊరి పేరు, వేళ, తలల లెక్క వేసి రాసిన అర్జీలే తక్కువ. కొత్త విద్యాసంవత్సరం మొదలవకముందే అలాంటి కాగితాలు గుడివాడ లైను పొడవునా ప్రతి ఊరి నుంచీ విజయవాడ డివిజను ఆఫీసుకు చేరాలి.